గడప రాతి మీద తొమ్మిది పిందెలు

మా ఊరి చివర, వరి మళ్ళు మొదలయ్యే చోట ఒక చిన్న రాతి గుడి ఉంది. శివుడి గుడి. ఎవరు కట్టించారో ఊళ్ళో ఎవరికీ తెలియదు. అడిగితే రాజులు అంటారు, ఏ రాజులో చెప్పరు. పైభాగం ఎప్పుడో పడిపోయింది. మిగిలినదాంట్లో చూడదగ్గది గుమ్మం ఒక్కటే. రెండు పక్కలా నిలువు రాళ్ళ మీద తీగలు చెక్కి ఉంటాయి. అడుగున గడప రాతి ముందువైపు వరసగా తొమ్మిది బొడిపెలు ఉంటాయి. ఒక్కొక్కటీ అరచేతిలో ఇమిడేంత. ఒక్కోదాని మీద కుంకం పట్టేంత గుంట. వాటిని మేం పిందెలు అంటాం. మామిడి పిందెలు.

ఊళ్ళోకి కొత్త కోడలు వస్తే అత్తారింట్లో అడుగు పెట్టకముందే ఆ గుడికి తీసుకెళ్తారు. గడప ముందు కూర్చోబెట్టి తొమ్మిది పిందెలకూ పసుపు రాయిస్తారు, గుంటల్లో కుంకం పెట్టిస్తారు. అలా చేస్తే కడుపున పిందె నిలుస్తుందని నమ్మకం. నేనూ రాశాను. నాకప్పుడు పదహారేళ్ళు. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, తల తిరుగుతోంది. ఏడో పిందె దగ్గర చెయ్యి ఆగితే మా అత్త వెనక నుంచి వేలితో పొడిచింది. ఆ ఊళ్ళో నేను చేసిన మొదటి పని అదే.

అది జరిగిన నలభై ఏళ్ళకు విశాఖపట్నం నుంచి ఒకామె వచ్చింది. ముప్పై అయిదేళ్ళు ఉంటాయేమో. చీరలకూ దుప్పట్లకూ అచ్చు నమూనాలు తయారు చేయడం ఆమె పని. పాత గుళ్ళ మీదా పాత ఇళ్ళ తలుపుల మీదా ఉన్న తీగలూ పూలూ కాగితం మీదికి దించి ఒక పుస్తకం వేయాలనీ, వాటిలోంచే చీరల అంచులు గీయాలనీ ఊరూరూ తిరుగుతోంది. అందరూ మేడం అన్నారు, నేనూ మేడం అన్నాను. ఆ సోమవారం గుడి ముందు ముగ్గు వంతు మాది. గుమ్మం మీది తీగనే నేను వాకిట్లో పిండితో వేస్తూ ఉంటే ఆమె నా వెనకే నిలబడి చూసింది.

"చుక్కలు పెట్టకుండా ఇంత తీగ ఎలా వేశారమ్మా?"

"సూసి ఏసేను. ఆ గుమ్మం మీదున్నాది కదా, అదే."

"కాగితం మీద వేయగలరా?"

"కాగితం మీద నాకు అచ్చరాలే తిన్నగా రావు మేడం."

ఆ మాట నిజమే. అక్షరాలు నాకు యాభై మూడో ఏట వచ్చాయి. మా కోడలు నేర్పింది, మధ్యాహ్నం అన్నాలయ్యాక పలక ముందు పెట్టి. నేను ప్రతి అక్షరాన్నీ ముగ్గు వేసినట్టు నాకు వీలైన చోట మొదలుపెట్టేదాన్ని. ‘క’ తలకట్టు కింది నుంచి వచ్చేది. చివరికి బొమ్మ ఒకటే అవుతుంది కదా అంటే కోడలు ఒప్పుకునేది కాదు. రెండేళ్ళు పట్టింది బస్సు మీది బోర్డు ఆగకుండా చదవడానికి.

మేడం నన్ను పనిలోకి తీసుకుంది. తీసుకునేటప్పుడే ఒక మాట చెప్పింది.

"ఉన్నది ఉన్నట్టు గీయాలమ్మా. రాయి మీద లేనిది కాగితం మీదికి రాకూడదు. ఇంకో ఊళ్ళో ఒకామె బాగుంటుందని పూలకు రేకులు కలిపింది. చాలా చక్కగా గీసేది. అయినా ఆమెను మానిపించాల్సి వచ్చింది."

నేను తల ఊపాను. నాకు ఆ పని కావాలి. పదేళ్ళప్పటి నుంచీ ఊడ్పులకు వంగిన నడుం నాది. మధ్యలో కొన్నేళ్ళు జీడిపిక్కలు కొట్టాను. ఆ నూనెకు కాలి కుడి చేతి వేళ్ళ చివర్లు నల్లబడి, ఇప్పటికీ తోలు గట్టిగా ఉంటుంది. నీడన కూర్చుని, పొడి చేతులతో చేసే పని నా జన్మలో ఇదే మొదటిది. ఇంకో ఏడాది ఊడ్పులకు దిగలేనని మోకాళ్ళు అప్పటికే చెప్పేశాయి.

మేడం ఇచ్చిన సంచిలో పల్చటి కాగితాల చుట్ట, నల్ల మైనం బిళ్ళలు, గళ్ళ కాగితాలు, పెన్సిళ్ళు, రబ్బరు ఉన్నాయి. ముందు గుడి దగ్గర పల్చటి కాగితాన్ని రాతి మీద పరిచి మైనంతో రుద్దాలి. రాయి పైకి ఉన్నచోట నలుపు పడుతుంది, లోపలికి ఉన్నచోట తెలుపు మిగులుతుంది. తర్వాత ఇంట్లో కూర్చుని ఆ నలుపు చూసుకుంటూ గళ్ళ కాగితం మీద శుభ్రంగా గీత గీయాలి. ఫోన్లో ఫోటో తీస్తే అయిపోదా అని మా కోడలు అడిగింది. నూనె పట్టిన రాయి ఫోటోలో మెరుస్తుంది తప్ప గీతలు తెలియవని మేడం చెప్పింది.

వినడానికి తేలిక పనే. కానీ ఆ రాతికి ఎన్ని తరాల నూనో పట్టి ఉంది, కాగితానికి అతికించిన టేపు నిమిషం నిలవదు. రాతిని గీకకూడదు, కడగకూడదు. ఎడమ చేత్తో కాగితాన్ని అదిమి పట్టి కుడి చేత్తో రుద్దుకోవాలి. కాగితం అరంగుళం జరిగితే మళ్ళీ మొదటికి. గడప రాయి నేలకు జానెడు ఎత్తు. కూర్చుంటే చెయ్యి సరిగ్గా పడదు. అందుకని గోనె పరుచుకుని ఒక పక్కకు పడుకుని రుద్దేదాన్ని.

మా తోడికోడలు, మా బావగారి భార్య, గుడి మీదుగానే కళ్ళానికి వెళ్ళేది. నాకంటే ఆరేళ్ళు పెద్ద. అప్పా అని పిలుస్తాను, మా వైపు అక్కను అలాగే అంటారు. ఆమెకు పిల్లలు లేరు. నోరు మాత్రం ఊరందరి పిల్లల్నీ పెంచినంత ఉంది.

"ఏటే, శివుడి గుమ్మానికి కాపలా కుక్కలాగ పడుకున్నావు?"

"పనే అప్పా."

"పడుకుని సేసే పనేటే! నాకూ సెప్పు, నానూ వస్తాను. పడుకోడం నాకు బాగా వచ్చు."

"రా. ఈ కాయితం కొస పట్టుకో."

"అమ్మో, పట్టుకోడం ఉన్నాదేటి? అయితే వద్దులే."

అంటూనే గంప దించి వచ్చి పట్టుకునేది. ఆమె పట్టుకున్న రోజు కాగితం జరిగేది కాదు.

గడప రాతి బొడిపెలు రుద్దినప్పుడు కాగితం మీద తొమ్మిది నల్లటి గుండ్రటి మచ్చలు పడ్డాయి, ఒక్కోదానిలో గుంట ఉన్నచోట తెల్ల చుక్క. అంతకు మించి ఏమీ పడలేదు. ముచ్చిక లేదు, కొస వంపు లేదు. కానీ నాకు అవి మచ్చల్లా కనపడితే కదా. ఇంట్లో పెన్సిల్ ఆనించగానే చెయ్యి ముచ్చిక దగ్గర మొదలుపెట్టి, పొట్ట తిప్పి, కొస వంచి తెచ్చేసింది. నిలువు రాళ్ళ మీది తీగలో కూడా ప్రతి మలుపు లోపలా ఇలాంటి బొడిపే ఉంది, మనిషి ఎత్తు దాకా అరిగి నున్నగా. అంతకు పైన రాయి విరిగిపోయింది. అక్కడా పిందెలే వేశాను. నేను కలిపానన్న ఊహ కూడా నాకు రాలేదు. రేకులు కలిపిన ఆ ఇంకో ఊరి మనిషిని తలుచుకుని, నేను అలా చేయలేదు కదా అనుకున్నాను కూడా.

మూడు నెలల్లో పద్నాలుగు కాగితాలు పూర్తయ్యాయి. మేడం వచ్చి అన్నీ మా అరుగు మీద పరుచుకుని చూసింది. పిందెల వరస ఉన్న కాగితం దగ్గర చాలాసేపు ఆగింది.

"ఇదే చీర అంచు. పుస్తకంలో మొదటి పేజీ కూడా ఇదే. మామిడి పిందె అందరూ వేస్తారు గానీ ఇంత పాత రాతి మీద ఇలా వరసగా నేనెక్కడా చూడలేదమ్మా. కింద మీ చేత్తోనే పేరు రాయండి."

మామిడి పిందెల వరస అని రాశాను. ‘వ’ కొంచెం పెద్దదైంది. ఆమె పరవాలేదంది. రుద్దిన నల్ల కాగితాలూ గీసిన కాగితాలూ చుట్టి తనతో పట్టుకెళ్ళింది. చెక్క మీద అచ్చు దిమ్మలు చెక్కే మనిషితో మాట్లాడాలంది. చీరల పని మొదలైతే ఏడాది పొడుగునా నాకు గీసే పని ఉంటుందని కూడా అంది. ఆ సాయంత్రం నేను ఏమీ చేయలేదు. అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చున్నాను, అంతే.

కార్తీక మాసంలో ఒక సోమవారం మా తోడికోడలూ నేనూ ఆటోలో శ్రీముఖలింగం శివాలయానికి వెళ్ళాం. ఇద్దరం ఉపవాసం. జనం విపరీతంగా ఉన్నారు. వరస నాలుగడుగులు కదులుతుంది, పావుగంట ఆగుతుంది. ఒకచోట పక్క గుమ్మం ముందు ఆగిపోయాం. మెడ పట్టేస్తే తల పైకెత్తాను. ఎత్తున, ఎవరి చెయ్యీ అందని చోట, మా ఊరి తీగే ఉంది. అవే మలుపులు, ఆకు అలాగే మడత పడింది. మలుపు లోపల మా బొడిపే ఉంది.

కానీ అది పిందె కాదు. హంస. మెడ పూర్తిగా వెనక్కి తిప్పి తలను వీపు మీద ఆనించుకుని, ముక్కుతో రెక్క సర్దుకుంటోంది. తోక విచ్చుకుని తీగలో కలిసిపోయింది. తల వీపు మీద ఉంది కాబట్టి కన్ను సరిగ్గా బొడిపె పైభాగాన పడింది. లోతుగా తొలిచిన గుంట. మేం కుంకం పెట్టే గుంట.

"నడవే. నోరు తెరుసుకుని ఏటి సూస్తన్నావు?" అంది మా తోడికోడలు.

"అప్పా, అదేటో సెప్పు."

"ఏది? అదా? పిట్ట."

"మన గడప మీద పిందెలు తలుసుకో. ఆ ముక్కూ మెడా అరిగిపోతే ఏటి మిగుల్తాది?"

ఆమె కళ్ళు చికిలించి చూసింది. చూస్తూనే కుడి చేతి బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా రాసింది, పసుపు రాసినట్టు. వెనక నుంచి ఒక ముసలాయన కేకేశాడు.

"కదలండమ్మా! బొమ్మలు సూడ్డానికొచ్చేరా, సామిని సూడ్డానికొచ్చేరా?"

"సామేటి ఎలిపోతన్నాడా బాబూ? ఆగు," అంది ఆమె, తల దించకుండానే.

దర్శనం అయ్యాక బయట గోడ నీడన కూర్చున్నాం. తర్వాత ఆమె నవ్వడం మొదలుపెట్టింది.

"అయితే పిట్టలకి రాసేమన్నమాట పసుపు."

"అలాగే ఉన్నాది."

"నాను తొమ్మిదింటికీ రాసేను. ఒక్కపాలి కాదే, మూడేళ్ళు వరసగా, మన అత్త రాయించింది. ఎగిరిపోయేవోటికి రాస్తే ఇంకేటి నిలుస్తాది!"

పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె వీపు మీద చెయ్యి వేస్తే తీసేసింది. "సాల్లే," అంది. కాసేపటికి మామూలు గొంతుతో అడిగింది.

"మీ మేడంకి సెప్తావేటి?"

"సెప్పాలి కదా అప్పా."

"ఎందుకే? రాయికి నోరుందేటి, ఎల్లి సెప్పడానికి? ఆవిడకి పిందె నచ్చినాది. నీకు పని దొరికినాది. ఎవల కొంప మునిగినాది?"

"ఉన్నది ఉన్నట్టు గియ్యమన్నాది. లేనిది కలిపినందుకే ఎవర్నో మానిపించేసినాదట."

"అందుకే సెప్పొద్దంటన్నాను, నీ బుర్రకి ఎక్కుతన్నాదా?"

ఇంటికొచ్చాక మూడు రోజులు ఎవరికీ చెప్పలేదు. తెల్లారి గుడికి వెళ్ళి గడప ముందు కూర్చున్నాను. తడి వేలితో ఒక్కో బొడిపెనూ తడిమాను. ఎక్కడా ముక్కు తగల్లేదు, మెడ తగల్లేదు. ఏ కోడలి చెయ్యి ఎంత అరగదీసిందో, ఎన్ని వందల ఏళ్ళు పట్టిందో. అందులో నా చెయ్యి కూడా ఉంది. రాయి మీద ఇప్పుడు పిందె లేదు, హంసా లేదు. నున్నటి బొడిపె, గుంట. అంతే ఉంది. నేను గీసింది అది కాదు.

మా కోడలికి చెప్పాను. ఆ పిల్ల ఏదైనా సూటిగా అంటుంది.

"నువ్వు సెప్పకపోతే ఎవలికీ తెలీదత్తా. సెప్తే పని పోద్ది. నీకు ఏది బరువో నువ్వే సూసుకో."

నాకు రెండూ బరువే. నిజం చెప్పాలంటే నాకు అప్పుడు మంచీ చెడూ ఆలోచించే ఓపిక లేదు. ఎనిమిది కాగితాలు మళ్ళీ గీయాలన్నదే కళ్ళ ముందు తిరిగింది. పిందెలు లేని కాగితాలు ఆరే. మళ్ళీ ఆ గోనె, ఆ రాయి, ఆ నొప్పి. ఒప్పుకోకపోతే అదేమీ ఉండదు. కాని ఒకటి మాత్రం మింగుడు పడలేదు. ఆ కాగితం కింద నా చేతి రాత ఉంది. యాభై మూడేళ్ళు నేను ఏదీ రాయలేదు కాబట్టి ఏ అబద్ధమూ రాయలేదు. నోటితో ఎన్ని ఆడానో లెక్కలేదు. రాత వేరు.

గురువారం మేడం ఫోన్ చేసింది. సోమవారం నుంచి దిమ్మలు చెక్కడం మొదలవుతుందట. శనివారం తాను ఆమదాలవలస వస్తున్నానని, స్టేషన్లో కలిస్తే మిగతా కొలతలు చూసుకుందామని అంది. కాగితాలన్నీ తెమ్మని అడిగాను. ఎందుకని అడగలేదు, తెస్తానంది.

శనివారం కోటబొమ్మాళిలో పాసింజరు ఎక్కాను. కూర్చోవడానికి చోటు దొరకలేదు. తలుపు దగ్గర చేపల గంపల పక్కన నిలబడి వెళ్ళాను. మేడం ప్లాట్‌ఫాం చివర సిమెంటు బెంచీ మీద ఉంది. రాత్రి ప్రయాణం చేసి వచ్చినట్టుంది, ఆమె ముఖం కూడా వాడిపోయి ఉంది. నేను పక్కన కూర్చుని కుశలం కూడా అడగకుండా చెప్పేశాను. అడిగితే మళ్ళీ చెప్పలేనని భయం.

"మేడం, గడప మీద అవి పిందెలు కావు. నాను పిందెలని గీసేను. ముచ్చిక, పొట్ట, కొస, అన్నీ నాను కలిపినవే."

ఆమెకు ముందు అర్థం కాలేదు. శ్రీముఖలింగం సంగతి చెప్పాను. హంస మెడ ఎలా తిరిగిందో నా అరచేతి మీద వేలితో గీసి చూపించాను. ఆమె చుట్ట విప్పి రుద్దిన నల్ల కాగితాన్నీ నేను గీసిన కాగితాన్నీ పక్కపక్కన పెట్టింది. గాలికి లేస్తుంటే ఒక మూల నేను, ఒక మూల ఆమె పట్టుకున్నాం.

"ఈ కొస నల్ల కాగితం మీద లేదు."

"లేదు."

"మరి ఎలా గీశారు?"

"సెయ్యి గీసేసినాది మేడం. మాకు అవి పిందెలే. నా పెళ్ళి నాటి నుంచీ."

తిడుతుందనుకున్నాను. కాగితాన్ని మడతపెట్టకుండా ఒళ్ళో పెట్టుకుని, నుదురు రుద్దుకుంది.

"ఈ నల్ల కాగితం నెల రోజులు నా గోడ మీద ఉందమ్మా. రోజూ చూశాను. నాకూ పిందెలే కనిపించాయి. మీరు చెప్పారు కదా, అందుకని." తర్వాత కొంచెం కసురుకుంది. "దిమ్మల మనిషికి ఏం చెప్పాలి నేను? చెక్క కూడా కోశాడు."

ఎదురు ప్లాట్‌ఫాం మీద ఒక గూడ్సు బండి పోతోంది. దాని పెట్టెలు లెక్కపెట్టబోయి తప్పాను. ఎన్ని పెట్టెలో ఆ బండికి.

"సరే," అంది చివరికి. "అక్కడి హంసను చూసి ఇక్కడ వేసేద్దాం. అసలు ఉన్నది అదే కదా. అంచుకు ఇంకా బాగుంటుంది."

నాకు ఒప్పుకోవాలనే ఉంది. ఒప్పుకుంటే చీరల పని నిలుస్తుంది. ఆమెకూ తేలిక. కానీ తడి వేలికి తగిలిన ఆ నున్నదనం ఇంకా వేలి మీదే ఉంది.

"అది ఆ ఊరి హంస మేడం. మా గడప మీద హంస ఉండేదని నాను అనుకుంటన్నాను గానీ సూళ్ళేదు. ఎవలూ సూళ్ళేదు. రేపు ఇంకో గుడికెళ్తే అక్కడ సిలక కనిపిస్తే?"

"మరి ఏం గీస్తారు?"

"ఉన్నదే. బొడిపి, గుంట."

"బొడిపెలున్న అంచు ఎవరు కట్టుకుంటారమ్మా?"

"ఎవలూ కట్టుకోరు."

ఆమెకు నవ్వొచ్చింది. అది సంతోషం నవ్వు కాదు. ఫోన్ తీసుకుని బెంచీకి దూరంగా వెళ్ళి దిమ్మల మనిషితో మాట్లాడింది. మధ్యలో రెండుసార్లు చెయ్యి ఊపడం చూశాను. తిరిగొచ్చి చెప్పింది. చీర అంచుకు వేరే ఊరి తలుపు మీది పూల వరస వెళ్తుంది. ఏడాది పని మాట ఇక లేనట్టే. పుస్తకానికి మాత్రం ఎనిమిది కాగితాలూ మళ్ళీ గీసి ఇవ్వాలి, నెల రోజుల్లో. రుద్దిన నల్ల కాగితాలు తిరిగి నా చేతికిచ్చింది.

"ఇస్తారా?"

"ఇస్తాను," అన్నాను.

తిరుగు బండిలో కూర్చోవడానికి చోటు దొరికింది. నిజం చెప్పినందుకు నాకేమీ గర్వం అనిపించలేదు. పాదాలు వాచి చెప్పుల్లోంచి పొంగాయి. తిలారు స్టేషన్ దాటేదాకా నిద్రపోయాను.

పిందె గీయడం కంటే అరిగిన బొడిపె గీయడం చాలా కష్టమని ఆ నెలలో తెలిసింది. పిందెకు మొదలుంది, కొసుంది. బొడిపెకు ఏదీ లేదు. గీత ఎక్కడ ఆపాలో రాయి కూడా చెప్పదు, మెల్లగా లేచి మెల్లగా అణిగిపోతుంది. నా చెయ్యి ప్రతిసారీ కొస తిప్పబోయేది. రబ్బరుతో చెరిపేదాన్ని. కాగితం చిల్లు పడితే మళ్ళీ కొత్తది. చివరికి గీత మానేసి పెన్సిల్ అడ్డంగా పట్టి చుక్కలు చుక్కలుగా నీడ వేశాను. కళ్ళు మండేవి. కోడలు కళ్ళద్దాలు మార్పించుకోమంది. ఊడ్పుల రోజులు కావు గనక సరిపోయింది, లేకపోతే పూర్తయ్యేది కాదు.

మొదటి కాగితం కింద ఈసారి పేరు ఒక్కటే చాలదని, నాకు తెలిసింది నా మాటల్లో రాయమని మేడం ఫోన్లో చెప్పింది. నేను అప్పటిదాకా రెండు వరసలకు మించి ఎప్పుడూ రాయలేదు. ఒక మధ్యాహ్నమంతా పట్టింది. ముందు పలక మీద రాసుకుని, కోడలు దిద్దాక కాగితం మీద ఎక్కించాను. మా తోడికోడలు పక్కనే కూర్చుని చింతకాయలు వలుస్తూ ఏం రాశానో చదవమంది. చదివాను.

"మా ఊరి గుడి గడప మీద తొమ్మిది బొడిపెలు ఉన్నాయి. మేం వీటిని మామిడి పిందెలు అంటాం. కొత్త కోడళ్ళు పసుపు రాసి కుంకం పెడతారు. ముందు ఇవి హంసలు అయి ఉండొచ్చు, చేతులకు అరిగిపోయి ఇలా అయ్యాయి. ఖాయంగా తెలియదు."

"అంతేనా?"

"ఇంకేటి రాయాలి?"

"పిందె నిలవనోళ్ళు కూడా రాసేరని రాయి."

నేను ఆమె ముఖం చూశాను. ఆమె చింతకాయ వైపే చూస్తోంది.

"పేరు రాయొద్దు. ఊరికే అలా రాయి. అందరికీ నిలిచినట్టు రాస్తే అదీ అబద్ధమే కదేటి?"

ఆ వాక్యం చివర చేర్చాను. చోటు చాలక అక్షరాలు చిన్నవయ్యాయి.

కాగితాలు అందాక మేడం ఫోన్ చేసింది. బొడిపెలు బాగా వచ్చాయంది. ఇలాంటి కాగితం ఆ పుస్తకంలో ఇదొక్కటే ఉంటుందట. చివరి వాక్యం గురించి అడిగింది, అక్కడ అవసరమా, చదివేవాళ్ళకు అర్థం కాదేమో అని.

"ఉంచండి మేడం," అన్నాను.

"మీరు ఒప్పుకుంటే తీసేద్దామని..."

"నాది కాదది. ఉంచండి."

సరేనంది. శ్రీముఖలింగం దగ్గరి నది అవతల ఒక ఊళ్ళో పాత గుమ్మం ఉందని, మొత్తం పన్నెండు అడుగుల తీగ అని, ఈసారి చీరల కోసం కాదు, పుస్తకం కోసమేనని చెప్పింది. నేనైతే బాగుంటుందంది. రుద్దిన కాగితం చూసి తనకు కనపడనిది కూడా చెప్పే మనిషి కావాలంది.

నాకు సంతోషమే వేసింది. కానీ ఆ సంతోషం మోకాళ్ళ దాకా దిగలేదు. పన్నెండు అడుగులంటే నిచ్చెన ఎక్కాలి, కింద పడుకోవాలి. నీడ ఉంటుందో లేదో. ఆ రాతికి ఎంత నూనె పట్టి ఉందో.

"ఇప్పుడు సెప్పలేను మేడం," అన్నాను. "మోకాళ్ళని అడిగి సెప్తాను."

ఆమె నవ్వి, తొందరేం లేదంది. ఫోన్ పెట్టేసి, వాకిట్లో మంచం వాల్చుకుని పడుకున్నాను. పొద్దు ఇంకా వాలలేదు. ఆ వేళప్పుడు నేను పడుకోవడం ఎప్పుడూ చూడలేదని కోడలు ఒళ్ళు బాగాలేదా అని అడిగింది. బాగానే ఉందని చెప్పి అటు తిరిగి కళ్ళు మూసుకున్నాను.